సాంచాల నడుమ సే, టెల్

మా బావ చేతికందిన దుబాయి ఉద్యోగాన్ని నా సొంత నోటితో ముంచబోయిన కథ చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి.

అప్పటికి జగిత్యాలలో డిగ్రీ అయిపోయి, సిరిసిల్ల మొత్తానికి నేనే ఇంగ్లీషు పండితుణ్ణని నమ్మకంగా తిరుగుతున్నాను. మా అక్క భర్త రాజేశం బావ సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. గల్ఫ్ ఇంటర్వ్యూలో ఇంగ్లీషు రాక రెండుసార్లు ఫెయిలయ్యాడు. "మూడోది తప్పితే నన్నడగొద్దు" అని ఏజెంటు తేల్చేశాడు. అక్క ఆశంతా నామీదే.

పాఠం కార్ఖానాలోనే, సాంచాల చప్పుడులోనే. అక్కడ ఒకరు అరిచిన మాటను రెండోవాడు తిరిగి అరవాలి. అప్పుడే వినబడ్డట్టు లెక్క.

"బావా! టెల్ అంటే ఎవలకు చెప్పినమో ఎంటనే రావాలె! టోల్డ్ హిమ్!"

"టోల్డ్ హిమ్!"

"సే అంటే మాట ముఖ్యం! మనిషిని తేవాలంటే నడుమ టు పెట్టాలె! సెడ్ టు హిమ్!"

"సెడ్ టు హిమ్! గింతేనా బామ్మర్ది? అల్కగనే ఉన్నది!"

పది రోజుల్లో బావ ఒక్క తప్పూ లేకుండా చెప్పాడు. నేను గాలిలో తేలాను. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు.

కోరుట్లలో ఏజెంటు గదిలో వీడియో కాల్. అవసరమైతే మాట అందిద్దామని నేను ఫోను వెనక నక్కాను. మీ పాత సూపర్‌వైజరు రోజూ ఏం చెప్పేవాడని తెరమీది సారు ఇంగ్లీషులో అడిగాడు. బావ ఓరగా నా వైపు చూశాడు.

"హీ టోల్డ్ మీ..." అని గుసగుసలాడాను.

"హీ టోల్డ్ మీ!" గది దద్దరిల్లింది.

"మెల్లగ, బావా!"

"మెల్లగ, బావా!"

"అయ్యో, నేననేదంత అనకు!"

"అయ్యో, నేననేదంత అనకు!"

"నీ కాళ్లు మొక్కుత, ఊకో!"

"నీ కాళ్లు మొక్కుత, ఊకో!"

సారు కళ్లద్దాలు తీశాడు. అక్కకు ఏ ముఖం చూపించాలా అనుకున్నాను. అంతలో ఆయన తెలుగులోనే, "ఇదేం పద్ధతండీ?" అన్నాడు.

"సాంచాల కాడ గంతే సార్" అన్నాడు బావ. "ఇన్నది తిరిగి చెప్పకపోతే పక్కోని చెయ్యి మిషన్ల పడ్తది."

సారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "మా ఫ్యాక్టరీలోనూ చప్పుడే. నాకు ఇలాంటి మనిషే కావాలి. అక్కడ హిందీ వస్తే చాలు. ఆ ఫోను వెనకున్నాయన మాత్రం అప్లై చేయొద్దు."

బావ దుబాయి చేరాక ఫోను చేసి గంభీరంగా ప్రమాణం చేశాను. "ఇగ ఎవ్వల ఇంటర్వ్యూలనూ నోరు తెరువను, ఒట్టు!"

అటునుంచి ఫ్యాక్టరీ హోరులో బావ కేక వినిపించింది. "నోరు తెరువను, ఒట్టు!"