కట్ట కింది ఇల్లు

మనవళ్లు పడవ నడుపుకుంటారని ఆ చిన్న చెరువును కొనుక్కున్నాడు, రిటైరైన బస్సు డ్రైవరు. రోజూ పొద్దున్నే ప్యాంటు మోకాళ్లదాకా మడిచి మట్టికట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తాడు. మొలిచిన ప్రతి మొక్కనూ వేళ్లతో సహా పీకేస్తాడు. ఎలుక కలుగు కనిపిస్తే మట్టి కూరి మడమతో తొక్కుతాడు. కట్ట కింద ఇల్లు కట్టుకుని మొక్కల నర్సరీ పెట్టుకున్న ఆవిడ, "బాబాయ్, బస్సు దిగారు గానీ డ్యూటీ దిగలేదు మీరు" అని నవ్వేది.

మొన్నటి వానల్లో ఒక మధ్యాహ్నం, కట్ట అడుగున ఎప్పుడూ తేటగా ఊరే నీరు బురదగా రావడం చూశాడు. లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థమైంది. వెంటనే తాళం తీసి, తూము తలుపెత్తి, నీళ్లన్నీ పక్క కాలవలోకి వదిలేశాడు. ముద్దుగా పెంచుకున్న చేపలు పోయాయి. పడవ బురదలో కూరుకుపోయింది.

"అయ్యో, చెరువంతా ఖాళీ చేసేశారేంటి బాబాయ్?" అంటూ ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"చెరువు నాదే అమ్మాయ్. కట్ట తెగితే పోయేది నీ ఇల్లు కదా."

మర్నాడు ఆవిడ, భర్తనీ అత్తగారినీ వెంటబెట్టుకుని, ట్రాలీ నిండా బంకమట్టితో వచ్చింది. కట్ట గట్టిపడేదాకా ముగ్గురూ రోజూ వస్తూనే ఉన్నారు. సర్వీసంతా స్టీరింగు ఇంకొకరి చేతికివ్వని మనిషి, తూము తాళంచెవి రెండోది చేయించి ఆవిడ చేతిలో పెట్టాడు.

"బురదనీళ్లు కనిపిస్తే నన్ను అడక్కు. తలుపెత్తెయ్."