మాస్టారి ఎడమ చెవి

గురువారం మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ కింద లాండ్రీ రూమ్‌లో డ్రయర్‌లోంచి బట్టలు తీస్తుంటే ఫోన్ మోగింది. శనివారం తెలుగు క్లాస్ గ్రూప్‌లో మెసేజ్. "మాస్టారు ఈ ఉదయం ప్రభువు సన్నిధికి చేరుకున్నారు." దాని కింద వరసగా దణ్ణం పెట్టే చేతులు. దాని పైన, పది రోజుల కిందట మాస్టారే పెట్టిన మెసేజ్ ఇంకా అలాగే ఉంది: "క్లాసు ఎప్పుడుంటుందో చెప్పలేను. పిల్లలు గుణింతాలు మాత్రం మరవరాదు." వేడి టవల్ ఒకటి గుండెకు హత్తుకుని అక్కడే నిలబడిపోయాను. పక్క మెషీన్ దగ్గరున్నామె "ఆర్ యూ ఓకే?" అంది. "ఐయామ్ ఓకే" అన్నాను. ఈ దేశంలో నేను రోజూ ఆడే అబద్ధం అదొక్కటే, అలవాటు కొద్దీ తడుముకోకుండా వచ్చేసింది.

ఆయన నాకు చుట్టమూ కాదు, మా ఊరివాడూ కాదు. గుంటూరు వైపు ఒక హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరై, అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలోని నేపర్‌విల్‌లో కూతురి దగ్గరికి వచ్చారు. ఖాళీగా కూర్చోలేక, అరోరాలో తాము వెళ్ళే తెలుగు చర్చి బేస్‌మెంట్‌లో శనివారం పూట పిల్లలకి తెలుగు చెప్పడం మొదలుపెట్టారు. చర్చి అనగానే మా అత్తగారు వీడియో కాల్‌లో కాస్త గునిశారు. నేను ఆ సంగతి మాస్టారి చెవిన వేస్తే ఆయన నవ్వి, "అ నుంచి ఱ దాకా అన్నీ అక్షరాలేనమ్మా, అందులో ఒక్కదానికీ బాప్తిస్మం ఇవ్వలేదని చెప్పండి" అన్నారు. ఆ మాట చెబితే అత్తగారు కూడా నవ్వేశారు. మా పాప అలా క్లాసులో చేరింది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన నాకేమిటో మీకు తెలియదు. నేను ఫిజియోథెరపిస్టుని. కాకినాడలో ఆరేళ్ళు పనిచేశాను. పడిపోయినవాళ్ళని లేపి నడిపించిన చేతులు ఇవి. పెళ్ళయి డిపెండెంట్ వీసా మీద ఇక్కడికొచ్చాక వాటికి పని లేదు. మా ఆయన ఆఫీస్ పేపర్లు కదిలితే గానీ నాకు వర్క్ పర్మిట్ రాదు. "ఇంకొంచెం ఓపిక పట్టు, పేపర్లు కదులుతున్నయి" అంటాడు ఆయన. మా ఇంట్లో కాళ్ళున్నవి పేపర్లకే. ఉన్నది ఒక్క కారు, అది వారమంతా ట్రెయిన్ స్టేషన్ పార్కింగ్‌లో ఉంటుంది. బయట మంచు, లోపల హీటర్. కిటికీలోంచి చూసి ఏ కారు ఎవరిదో, ఎన్నింటికి వస్తుందో చెప్పగల విద్య ఒకటి వచ్చింది నాకు. శనివారం మాత్రం కారు నాది. మొదట్లో పాప కోసమని వెళ్ళేదాన్ని. తర్వాత పలకలు పంచడానికి, హాజరు వేయడానికి అని వంకలు పెట్టుకుని నా కోసమే వెళ్ళేదాన్ని.

మాస్టారు పాఠం మొదలుపెట్టేది ఎప్పుడూ చెవితోనే. అక్షరాల కన్నా ముందు చెవి. ఆయన దగ్గర పాత నోట్‌బుక్ ఒకటి ఉండేది, అందులో చెవి మాటలు ముప్ఫయి నలభై పేజీలు రాసుకున్నారు. పెడచెవిన పెట్టడం, చెవి కోసుకోవడం, చెవినిల్లు కట్టుకుని పోరడం, చెవులు కొరుక్కోవడం. వారానికి ఒకటి బోర్డు మీద రాసి, దాన్ని తానే ఆడి చూపించేవారు. చెవిలో పువ్వు రోజున నిజంగానే ప్లాస్టిక్ బంతిపువ్వు పెట్టుకుని రెండు గంటలూ పాఠం చెప్పారు. మా అపార్ట్‌మెంట్ల గడ్డిలో తిరిగే కుందేళ్ళకి చెవులపిల్లి అనే పేరుందని తెలిశాక పిల్లలు వారం రోజులు ఆ మాట వదల్లేదు, స్కూల్ బస్సులో అమెరికన్ పిల్లలక్కూడా నేర్పించారు.

ఒకరోజు ఒక పిల్ల, ఇయర్ ఆఫ్ కార్న్ అంటే మొక్కజొన్న చెవా అని అడిగింది. చుట్టూ మొక్కజొన్న చేలే ఉన్న ఇల్లినాయి పిల్ల కదా, మొక్కజొన్నే ముందు గుర్తొస్తుంది. పెద్దవాళ్ళం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. వారం గడువడిగి, కూతురి ఇంట్లో నిఘంటువులు తిరగేసి వచ్చి చెప్పారు: "మనకది పొత్తు, లేదా కంకి. వాళ్ళకి కూడా ఆ ఇయర్ వేరు, ఈ ఇయర్ వేరు. ఒకటి పొట్టు అనే మాట నుంచి వచ్చింది. ఒకే పేరున్న ఇద్దరు వేరే వేరే ఊళ్ళ నుంచొచ్చి ఒక అపార్ట్‌మెంట్‌లో దిగారంతే." ఆ తర్వాత కన్నడంలో కివి అంటారని, తమిళంలో మనలాగే చెవి అంటారని, అందరూ ఒకే ఇంటివాళ్ళని చెప్పారు. చివర్లో ఒక మాటన్నారు, అది నేను పాప పుస్తకం అట్ట మీద రాసుకున్నాను. "చెవి అందరికీ పుట్టుకతో వస్తుంది. వీను అంటే కూడా చెవే, కానీ అది విను నుంచి వచ్చింది. వింటేనే వీను."

ఆయన క్లాసుకి పేరు తెచ్చింది చెవిమాట. క్లాసు అయ్యాక ఆయన కుర్చీలో కూర్చుంటారు. పిల్లలు ఒక్కొక్కరే ఆయన ఎడమ పక్కకి వెళ్ళి, చెవి దగ్గర నోరు పెట్టి, ఒక తెలుగు వాక్యం చెప్పాలి. ఏదైనా చెప్పొచ్చు. ఇంకెవరికీ వినపడకూడదు. షరతు ఒక్కటే, వాక్యం పూర్తిగా ఉండాలి, క్రియతో సహా. "క్రియ లేని వాక్యం గుమ్మంలో నిలబడిపోయిన చుట్టం లాంటిది, లోపలికి రాదు, బయటికి పోదు" అనేవారు. చెప్పాక ఆయన కళ్ళు మూసుకుని, "భేష్" అని, మామిడి తాండ్ర ముక్క చేతిలో పెట్టేవారు. నట్ ఎలర్జీల భయానికి పల్లీ చిక్కీ మానేసి తాండ్ర మొదలుపెట్టారు. అమ్మమ్మలూ తాతయ్యలూ తమ యాసకి నవ్వుతారని వీడియో కాల్‌లో నోరు విప్పని పిల్లలు ఆ చెవిలో మాత్రం గడగడా చెప్పేవారు. తల్లిదండ్రులం ఆశ్చర్యపోయి చూసేవాళ్ళం, ఎంత ఓపికగా వింటారో అని.

ఒక శనివారం వాళ్ళమ్మాయికి రావడం కుదరక, ఆయన్ని నేను నా కారులో దింపాను. దారంతా ఏదో అడుగుతున్నాను, ఆయన ఏదో చెబుతున్నారు. చలిగా ఉందా అంటే "రెండో కూతురు హైదరాబాదులో" అన్నారు. సిగ్నల్ దగ్గర మొహమంతా నా వైపు తిప్పి, "ఎడమది పోయిందమ్మా. ఏడేళ్ళప్పుడు గవదబిళ్ళలొచ్చి పోయింది. మన దేశంలో డ్రైవరు నాకు కుడిపక్కన ఉంటాడు కాబట్టి నడిచిపోయింది. ఇక్కడ కారెక్కితే నాకు మౌనవ్రతమే" అన్నారు.

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. "మరి పిల్లలు చెప్పేది ఎడమ చెవిలో కదా మాస్టారూ! అయితే ఇన్నాళ్ళూ మీరు ఒక్క ముక్క కూడా వినలేదా?" అని అరిచినట్టే అడిగాను, కుడిచెవికి చేరేలా.

"కుడిదానిలో చెబితే తప్పులు వినపడతాయమ్మా. వినపడితే పండితుణ్ణి, దిద్దకుండా ఉండలేను. నా దిద్దుబాటుకి దడిసి గుంటూరులో ఎంతమంది నోరు మూసుకున్నారో నాకు తెలుసు. ఆ చెవిని దేవుడెందుకు తీసుకున్నాడో ఇక్కడికొచ్చాక అర్థమైంది."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఇచ్చి, దాన్ని నా కోసం వాడుకున్నాను. అప్పటికి నెల రోజులుగా నా గొంతులో ఒక వాక్యం ఇరుక్కుని ఉంది. కాకినాడలో నాతో పనిచేసిన స్నేహితురాలు సొంత క్లినిక్ పెడుతోంది, వేసవిలోగా వచ్చి చేరతావా అని అడిగింది. మా ఆయనకి చెప్పలేదు. ఎనిమిదేళ్ళుగా గ్రీన్ కార్డు క్యూలో మా ముగ్గురి కోసం నిలబడ్డ మనిషికి, నేను లైన్‌లోంచి పక్కకి జరుగుతానని ఎలా చెప్పాలి? మరుసటి శనివారం పిల్లలందరూ అయ్యాక, నేను కూడా వెళ్ళి మాస్టారి ఎడమ పక్కన వంగి, చెవిలో చెప్పాను: "నేను పాపని తీసుకుని కాకినాడ వెళ్ళి మళ్ళీ పని చేసుకోవాలనుకుంటున్నాను." ఆయన కళ్ళు మూసుకున్నారు. "భేష్" అన్నారు. తాండ్ర ముక్క ఇచ్చారు. తలుపుల్లేని గదిలో ఎవరో కిటికీ రెక్క తీసినట్టయింది. కానీ కిటికీలోంచి మనిషి పట్టడు కదా. అందుకని మళ్ళీ శనివారం మళ్ళీ అదే వాక్యం. పదకొండు శనివారాలు.

ఆయన మంచం పట్టాక నేపర్‌విల్ వెళ్ళాను. అలవాటుగా ఎడమ పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆయన చెయ్యి ఎత్తి, "ఇటు రా తల్లీ" అని కుడివైపు చూపించారు. లేచి అటు వెళ్ళాను.

"ఇన్ని వారాలు నీ ఊపిరి తగిలింది, మాట వినపడలేదు. పిల్లల ఊపిరి తేలిగ్గా ఉంటుంది. నీది బరువు. ప్రతిసారీ అంతే బరువు. దించుకోవడానికి కాదు, మోయడానికి వస్తున్నావు. ఇప్పుడు చెప్పు, ఇది వినపడే చెవే."

చెప్పలేకపోయాను. వినపడుతుంది కాబట్టే. "మీరు త్వరగా కోలుకోవాలి మాస్టారూ" అన్నాను.

ఆయన నవ్వారు. "వాక్యం బాగుంది. క్రియ కూడా ఉంది. నీది మాత్రం కాదు." తర్వాత, "తాళంచెవి అని ఎందుకన్నారో తెలీదు గానీ నాకు నచ్చుతుంది. తెరిచేది చెవేనమ్మా. కాకపోతే తాళానికి సరిపడే చెవి కావాలి. నాది నీ తాళానికి పట్టదు" అన్నారు. మందుల వేళైంది. అదే చివరిసారి.

శనివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. శనివారాలు ఇంట్లోనే కూర్చుని లాప్‌టాప్ చూసుకునే మా ఆయన ఆ రోజు మాతో వచ్చాడు. పైన పాటలయ్యాయి, ప్రార్థనయింది, భోజనాలు మొదలయ్యాయి. పాప చెయ్యి పట్టుకుని నేను బేస్‌మెంట్‌లోకి దిగాను, మా ఆయన మా వెనకే వచ్చాడు. బోర్డు మీద పోయిన నెల రాసిన మాట అలాగే ఉంది. కుర్చీ కూడా. పాప ఉన్నట్టుండి, "మమ్మీ, నేను మాస్టారికి ఏం చెప్పేదాన్నో తెలుసా? నాకు తెలుగు ఇష్టం లేదు అని చెప్పేదాన్ని. ఎవ్రీ వీక్. ఆయన భేష్ అనేవారు" అంది. చెప్పి ఏడ్చేసింది. తాండ్ర ఏమైనా మిగిలిందేమో చూసుకోమని అలమారు దగ్గరికి పంపాను.

మా ఆయన కుర్చీలో కూర్చుని కిందికి చూస్తున్నాడు. "ఈ కార్పెట్ ఒక్క దిక్కే ఎందుకు అరిగింది?" అన్నాడు. అప్పటిదాకా నేనూ గమనించలేదు. కుర్చీకి కుడివైపు నీలిరంగు కొత్తదిలా ఉంది. ఎడమవైపు పిల్లల బూట్లు నిలబడీ నిలబడీ, రెండు పాదాలంత మేర నూలు తేలిపోయింది.

"పిల్లలు అక్కడ నిలబడి ఆయన చెవిలో చెప్పేవాళ్ళు. ఆ చెవి వినపడదు" అన్నాను. నేను ఎవరికి మాటిచ్చానో ఆయన లేరు కాబట్టి చెప్పానో, లేక నాకే ఇక దాచడం చేతకాలేదో.

"వినపడకుంటే మరి ఎందుకు చెప్పుడు?"

"అందుకే. నేనూ చెప్పేదాన్ని."

మా ఆయన తలెత్తాడు. "నువ్వా? నువ్వు ఏం జెప్పేదానివి?"

ఆ అరిగిన చోటికి వెళ్ళి నిలబడ్డాను. వంగాను. మా ఆయన చెవి ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో, తమ్మె పక్కన రెండు తెల్లవెంట్రుకలు వచ్చాయి. కాకినాడ వాక్యం మొదటి మాట నుంచి క్రియ దాకా చెప్పాను. చెప్పి, మాస్టారిలా భేష్ అంటాడేమో అన్నట్టు పిచ్చిదానిలా ఆగాను.

అనలేదు. కళ్ళు కూడా మూసుకోలేదు. మొహమంతా ఎర్రబడింది. తర్వాత తల కొంచెం నా వైపు వంచి, "మళ్ల చెప్పు" అన్నాడు.

నేను ఆ రెండు పాదాల మేరలోంచి కదలకుండానే మళ్ళీ వంగాను.