బేరమాడి దించిన క్రియాటినైన్

నరసరావుపేట బట్టల అంగళ్ళలో నా అంత బేరగాడు లేడు. కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినైన్‌ని సైతం బేరమాడి 1.5 నుంచి 1.2కి దించినవాణ్ణి. అదీ డాక్టరుకి తెలియకుండా.

నాకు హెచ్ఐవీ ఉంది, చానా ఏళ్ళుగా మందులు వాడుతున్నా. రెండు కిడ్నీలూ పోతే మాచర్లలో ఉండే మా అక్క తనదొకటి ఇచ్చింది. ఆ కిడ్నీని ఒళ్ళు తోసేయకుండా టాక్రోలిమస్ వేస్తారు. నా పాత హెచ్ఐవీ మాత్ర దాని లెవెల్‌ని నిలవనీయడం లేదని డోలుటెగ్రావిర్‌కి మార్చారు. "క్రియాటినైన్ కొంచెం పెరిగినట్టు కనపడొచ్చు. కంగారుపడి మాత్ర ఆపొద్దు" అన్నారు గుంటూరు డాక్టరు గారు. రంగు వెలిసే చీర అమ్మేటప్పుడు నేనూ అట్లాగే, మొదట్లో కొంచెం పోతుంది కంగారుపడొద్దని ముందే చెప్పి పెడతా. అందుకే నమ్మలేదు.

నెల తిరిగేసరికి 1.2 కాస్తా 1.5 అయింది. ఫోన్లో రిపోర్టు చూశాక, చేతిలో ఉన్న గుడ్డ ఎన్ని మీటర్లు కొలిచానో మర్చిపోయా. టాక్రోలిమస్ లెవెల్, యూరిన్, స్కాన్ అన్నీ చూసి డాక్టరు గారు ఫర్వాలేదన్నారు. కానీ సాయంత్రం అక్క ఫోను.

"ఎంతొచ్చిందిరా నా కిడ్నీకి?"

చెప్పా. ఫోను పెట్టేసింది.

మరుసటి నెల పరీక్షకి పది రోజుల ముందు నుంచి ఆ కొత్త హెచ్ఐవీ మాత్ర మానేశా. 1.2 వచ్చింది. అక్క నవ్వింది. ఆ నవ్వుకి అలవాటుపడి నాలుగు నెలలు అదే పని చేశా.

తర్వాత రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేస్తే, అణిగి ఉన్న వైరస్ మళ్ళీ లేచింది.

"మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అన్నారు డాక్టరు గారు.

"వేసుకుంటున్నానండీ."

ఆ రోజు నాతో వచ్చిన అక్క నా సంచిలోంచి డబ్బా తీసి మాత్రలు అరచేతిలో పోసుకుంది. ఇద్దరం అంగడిలోనే పెరిగాం. నెలాఖరున మిగిలిన సరుకు చూస్తే చాలు మాకు.

"ముప్ఫై మాత్రల డబ్బా. నెలయిపోయింది. పది మిగిలినయ్. ఏందిరా ఇది?"

"తగ్గితే నువ్వు నవ్వుతావని..."

"నువ్వు పోతే ఏడుస్తానని తెలవదా ఎదవా?"

డాక్టరు గారు మాత్రం తిట్టలేదు. "క్రియాటినైన్ బయటికి పోయే దారుల్లో ఒకదాన్ని ఆ మాత్ర కొంచెం మూస్తుంది. అంతేగానీ మీ కిడ్నీ వడపోత తగ్గలేదు. మీరు దించింది ఉత్త అంకెని" అన్నారు. కిడ్నీ పనితీరుకే సిస్టాటిన్ సి అని ఇంకో పరీక్ష రాశారు. ఈ మాత్ర దాని జోలికి పోదట. అది బాగానే వచ్చింది. వైరస్ మందుకి లొంగకుండా మొండికెత్తిందేమోనని రెసిస్టెన్స్ టెస్టు పంపారు. అది వచ్చేదాకా నిద్రపోలేదు. అదృష్టం, మొండికెత్తలేదు.

ఇప్పుడు రోజూ వేసుకుంటున్నా. క్రియాటినైన్ 1.5 దగ్గరే నిలిచింది, వైరస్ అణిగింది. నాలాంటివాళ్ళకి ఒక్కటే చెప్తా. అంకె పెరిగితే ఊరుకోవద్దు, మాత్రా మానొద్దు. మందు మారిన తేదీ రిపోర్టు మీద రాసుకుని, కిడ్నీ డాక్టరుకీ హెచ్ఐవీ డాక్టరుకీ ఇద్దరికీ చూపించండి.

ఇక నా బేరం లెక్క. దక్కింది 0.3, అదీ కాగితం మీద. పోయింది కొన్నాళ్ళ నిద్ర, అక్క నమ్మకం. నిద్ర తిరిగొచ్చింది. నమ్మకం కోసం ప్రతి నెలాఖరునా వీడియో కాల్‌లో డబ్బా చూపిస్తున్నా. మొన్న ఒక్క మాత్రా మిగల్లేదు.

"బోర్లించి చూపించు" అంది.

బోర్లించా.