మామూలుదే, హలాల్‌దే

నేను మాంసం తినను. పక్కింట్లో ఆమ్లెట్ వేస్తే మా కిటికీ మూసేసే రకాన్ని. అలాంటి నన్ను పట్టుకుని, మటన్ ఎక్కడ కోస్తారో, ఎలా కోస్తారో కనుక్కు రమ్మని మా ఆఫీసు భోజనాల కమిటీ పంపింది. "మీరైతే ఏ పక్షమూ కాదు కదండీ" అన్నారు. ఇదెక్కడి గోలరా బాబూ అనుకుంటూనే సరేనన్నాను.

గొడవ ఇదీ. హైటెక్ సిటీలో మా క్యాంటీన్‌కి మధ్యాహ్నం భోజనం పుప్పాలగూడ నుంచి సలోమి అనే ఆవిడ వండి తీసుకొస్తుంది. ఆ వారం మటన్ కూర వచ్చిన రోజున అకౌంట్స్‌లో ఉండే ఫాతిమా "ఇది హలాలేనా?" అని అడిగితే అవునంది. కాసేపటికి టెస్టింగ్ టీములో రాఘవ "మామూలుగా కోసిందేనా?" అని అడిగితే దానికీ అవునంది. రాఘవకి ఒక నియమం ఉంది, వేరే మతం వాళ్ళు ప్రార్థన చేసి కోసింది తినడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాక సంగతి బయటపడింది. ఇద్దరూ మోసపోయామన్నారు. మధ్యలో కావ్య అనే అమ్మాయి లేచి, కోసేముందు మేకకి స్పృహ తప్పించారా లేదా అని అడిగింది. చివరికి మా మేనేజరు తేల్చేశారు: ఎలా కోశారో ఉన్నదున్నట్టు రాసిన కార్డు సోమవారానికి గిన్నె ముందు ఉండాలి, లేదంటే సలోమిని మార్చేస్తాం. నిజం చెప్పొద్దూ, ఆవిడ అబద్ధమాడిందనే నేనూ అనుకున్నాను.

శనివారం ఉదయం ఆరున్నరకి ప్రగతి నగర్‌లో ఆటో ఎక్కి నిజాంపేట క్రాస్ రోడ్డులో దిగాను. అక్కడినుంచి చందానగర్‌కి బస్సు. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. పక్క సీట్లో నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న నర్సు "పొద్దుగాలనే ఎటు పోతున్రు ఆంటీ?" అంది. మటన్ కొట్టుకన్నాను. నా నుదుటి బొట్టుకేసి, చేతిలోని టిఫిన్ డబ్బాకేసి చూసి, "శనివారం పూటనా!" అని గట్టిగా అనేసింది. ముందు సీట్లవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఏడుంబావుకి చందానగర్ మార్కెట్. సలోమికి మటన్ ఇచ్చే యాదగిరి కొట్టు కూరగాయల వరుస చివర ఉంది. యాదగిరి తాతల నాటినుంచి కటికపని చేసే ఇంటివాడు, మెడలో తాయెత్తు, గోడమీద దేవుడి పటం. పక్కనే స్టూలు మీద ఖాజా మియా టీ తాగుతున్నాడు, తెల్లగడ్డం మనిషి. కోత పనంతా పొద్దున్నే కబేళాలో అయిపోయిందట. బతికిపోయానురా దేవుడా అనుకున్నాను. అనుకున్నందుకు కొంచెం సిగ్గేసింది కూడా.

"కబేళాల ఖాజా భాయి హలాల్ చేసిండు, పశువుల డాక్టర్ సాబు సూసి ముద్ర కొట్టిండు. గంతే మేడం" అంటూ యాదగిరి, వేలాడదీసిన మేక తొడమీది ఊదారంగు ముద్ర చూపించాడు.

"మరి హలాల్ చెయ్యనిది, మామూలుది కూడా ఉంటుందాండీ?"

యాదగిరి కత్తి కింద పెట్టాడు. "హలాల్ చెయ్యకుండ ఎట్ల తింటరు మేడం? పానముండంగనే తింటరా?"

ఖాజా మియా టీ ఒలికేలా నవ్వాడు. నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. మా తెనాలి వైపు హలాల్ అంటే సాయిబుల పద్ధతి. ఇక్కడి పల్లెల్లో హలాల్ చెయ్యడమంటే కొయ్యడమే. యాదగిరి చెప్పాడు: వాళ్ళ ఊళ్ళో పెళ్ళయినా, పండగయినా ముల్లా సాబు వచ్చి మేకను హలాల్ చెయ్యాల్సిందేనట, అలా అయితే వచ్చినవాళ్ళందరూ తింటారని. అంటే సలోమి ఇద్దరికీ నిజమే చెప్పింది! ఆమెదీ ఇక్కడి మాటే, ఆమెకి మామూలుదే హలాల్‌ది.

"యాదగిరి అన్నకు గది మాట. నాకు గంతే కాదు మేడం" అన్నాడు ఖాజా మియా, నవ్వు ఆపుకుని. "నేను అల్లా పేరు తీస్త. నీళ్ళు తాపుత. కత్తి దానికి కనబడనియ్య. ఇంకో మేక సూస్తుంటే కొయ్య."

ఒకదాని ఎదుట ఇంకొకదాన్ని కొయ్యకూడదని చట్టంలోనూ ఉందని నేను చదువుకు వచ్చిన ముక్క చెప్పాను. మంచిదే కదా అన్నాడు. స్పృహ తప్పిస్తారా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"నొప్పి తెలుస్తుందంటారా?"

"కత్తి పదునుంటే జల్ది అయితది. నొప్పి లేదని నేనెట్ల చెప్త మేడం? గది మేకకే ఎరుక."

ఆయన అలా అన్నందుకు నాకు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. లేదనేస్తే నేను రాసుకుని పోయేదాన్ని.

చందానగర్ స్టేషన్‌లో ఎనిమిదిన్నర తర్వాత ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది. టికెట్ అయిదు రూపాయలు. మధ్యలో హఫీజ్‌పేట, ఆ తర్వాత హైటెక్ సిటీ. ఆ వైపు వెళ్ళేవాళ్ళు రోడ్డును నమ్ముకోకుండా రైలెక్కండి, హాయిగా ఉంటుంది. అక్కడినుంచి రెండు షేర్ ఆటోలు మారి పది దాటాక పుప్పాలగూడ చేరాను.

అపార్టుమెంట్ల వెనక రేకుల షెడ్డులో సలోమి వంటిల్లు. నన్ను చూడగానే గరిటె పక్కన పెట్టి వచ్చింది. "మేడం, నేను అబద్ధమాడలే" అంది. ముందు మాట అదే.

"తెలుసమ్మా. యాదగిరి గారి కొట్టునుంచే వస్తున్నాను. ముందు అనుమానపడ్డాను, నన్ను క్షమించు" అన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని అట్ట ముక్క, పెన్ను తెచ్చింది. నేను చెబుతుంటే సగం రాసి ఆగిపోయింది.

"గిదంత రాస్తే ఎవరు తింటరు మేడం? రాఘవ సారు తినడు. కావ్య మేడం తినది."

"తినకపోవచ్చమ్మా. కానీ ఎవరూ మోసపోయామనరు."

అట్టను మళ్ళీ దగ్గరికి లాక్కుంది. తర్వాత తనే రాసింది: మేక మాంసం. ఖాజా మియా అల్లా పేరు తలిచి హలాల్ చేసిండు. స్పృహ తప్పించలేదు. డాక్టరు ముద్ర ఉన్నది. "ఆ సారుకు మటన్ దినం చేపల పులుసు పెడత" అంది రాయడం అయ్యాక. మేనేజరుకి ఫోన్ చేసి కార్డు చదివి వినిపించాను. సోమవారం నుంచి అదే పెట్టమన్నారు, ఆవిడనే కొనసాగిద్దామన్నారు. సలోమి నా రెండు చేతులూ పట్టుకుంది.

భోంచేసి వెళ్ళమంది. డబ్బా తెచ్చుకున్నానన్నాను. ఎప్పుడూ అనే మాటే. మూడేళ్ళుగా ఆ క్యాంటీన్‌లో నేను ఇంటి డబ్బానే తింటున్నాను, ఏ గరిటె దేంట్లో పెడతారో అన్న అనుమానంతో. ఎవరికీ చెప్పలేదు, అడగనూ లేదు. ఆమె బలవంతపెట్టలేదు. బయల్దేరేటప్పుడు మాత్రం ఒక సంచి చేతిలో పెట్టింది.

గచ్చిబౌలిలో పన్నెండున్నరకి బస్సెక్కాను, మళ్ళీ జీరో టికెట్టే. కొండాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోతే సంచి విప్పాను. కొత్త స్టీలు డబ్బా, మూత మీద అంటించిన చీటీ:

"మేడంకు. పెరుగన్నం. గిన్నె కొత్తది. పోపు గరిటె పాతది, మాంసం కూరల పెట్టినదే, రెండుసార్లు కడిగిన. తినుడు తినకపోవుడు మీ ఇష్టం."

నేను అడగలేదు. అయినా నాకేం తెలియాలో ఆమెకి తెలుసు. గరిటె మాట రాయకపోతే నాకు తెలిసేదే కాదు, అయినా రాసింది. కళ్ళు చెమర్చాయి, బస్సులో అందరి ముందూ. ఆ రోజు దారిపొడుగునా నాకు నిజం చెప్పినవాళ్ళే ఎదురయ్యారు. అంత అదృష్టం ఎన్ని యాత్రల్లో దొరుకుతుంది!

జేఎన్‌టీయూ వచ్చేలోపు డబ్బా ఖాళీ చేశాను. పోపులో ఎండుమిరపకాయ బాగా వేగింది. చీటీ ఊడదీసి పర్సులో ఆధార్ కార్డు పక్కన దాచుకున్నాను. ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా అలాగే ఉండిపోయింది. సోమవారం నుంచి దాన్ని తీసుకెళ్ళను.