భుజం మీదుగా వేగుచుక్క

మా వీధిలో ఉండే ఆడ వకీలును అందరం వక్కీలత్త అనేవాళ్ళం. విరుదునగర్ కోర్టులో విమానాల చట్టంతో ఏం పనో నాకు తెలియదు గానీ, ఆమెకు ఆ చట్టమంటే ప్రాణం. గ్రహాలన్నా అంతే. ఏదైనా చూపమంటే మన వెనక నిలబడి, మన భుజం మీదుగా చేయి చాపి, వేలి కొసన చుక్కను నిలిపేది.

ఒక సాయంత్రం కోవిల్‌పట్టి దగ్గర, విమానం నడపడం నేర్పే రన్‌వే పక్క నల్లరేగడి చేలో గ్రహాలు చూపిస్తున్నారంటే మా అవ్వను తీసుకెళ్ళాను; వక్కీలత్త కూడా మాతో వచ్చింది. చూపించే అతను పచ్చ లేజర్ లైటు పైకి వెయ్యబోయాడు. అప్పుడే శిక్షణ విమానం ఒకటి దిగుతోంది. అత్త గబుక్కున అతని చేయి పట్టుకుంది.

"వద్దప్పా! సట్టం ఒప్పుకోదు. పైన యిమానం నేర్చుకునే పిల్లోళ్ళవీ కండ్లే గదా?"

"ఇంతమందికి యెట్ల చూపేది మరి?" అన్నాడతను చిరాగ్గా.

"లేజర్ లేనప్పుడు మనోళ్ళు చూడలేదా?" అంటూ అత్త మా అవ్వ వెనక్కి వచ్చి చేయి చాపింది. పడమట శుక్రుడు మెరుస్తున్నాడు.

"తెల్లారి వచ్చే వేగుచుక్క కూడా ఇదే అవ్వా. రెండూ వేరేవేరే అని శానా కాలం అనుకున్నారు. చూసి చూసి, ఒకటేనని కనుక్కున్నారు."

అవ్వ ఆ వేలి కొస వెంబడే చూసింది. "అట్లయితే, యెద్దులకి మేత వెయ్య లేస్తే నాకు కనపడిండేది ఇదేనా!"

నేను వెళ్ళి మంచినీళ్ళు తెచ్చేసరికి అవ్వ అక్కడ లేదు. కాస్త దూరంలో, ఎవరో తెలియని పొడుగు పిల్ల వెనక మునివేళ్ళ మీద నిలబడి, ఆ పిల్ల భుజం మీదుగా చేయి చాపి ఉంది.