ఐదో మాట నా వంతు

పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పీర్ పంజాల్ కొండల్లో ఒక గట్టు. దాని మీద మూడు బంకర్లు, మోకాళ్ళ లోతు మంచు. చివరి ఎక్కుడు కంచరగాడిదల వల్ల కూడా కాలేదు. రేషను, మందుగుండు, కిరోసిన్ డబ్బాలు మా వీపుల మీదే పైకి వచ్చాయి. నేను ఎల్‌ఎంజీ అనే తేలికపాటి మెషిన్ గన్ కాల్చే గన్నర్‌ని. గోదావరిఖనిలో బొగ్గు బావి కార్మికుడి ఇంట్లో పుట్టి, అక్కడి ఎండలకు మాడి పెరిగినవాణ్ణి. ఆ చలిగాలి మొదటిసారి పీల్చినప్పుడు ముక్కులోపల ఏదో చీరుకుపోయినట్టు అనిపించింది.

పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్‌ది గఢ్వాల్. మేము మూటలు దించకముందే హుకుం వినిపించాడు. కందకం దాటి తల ఎత్తకూడదు. మంచు కరిగించిన నీళ్ళు ఒలకబోయకూడదు. కాపలాలో కళ్ళు మూయకూడదు. ఆ చివరిదాంతో నాకు పేచీ వస్తుందని అప్పటికి తెలియదు.

మాది అన్ని రాష్ట్రాల వాళ్ళూ కలిసిన పల్టన్. ఆ గట్టు మీద తెలుగు వచ్చింది ఇద్దరికే. రెండోవాడు రేడియో ఆపరేటర్, సిరిసిల్ల మరమగ్గాల ఇంటివాడు. గుండ్లు పడుతున్నా గురక పెట్టేవాడు. నీకు నిద్రెలా పడుతుందిరా అని అడిగితే నవ్వాడు.

"మా ఇంట్ల సాంచెల పక్కపొంటి పండి పెరిగిన అన్నా. గీ చప్పుడు నాకొక లెక్కనా?"

వాళ్ళ ఊళ్ళో మరమగ్గాలను సాంచెలంటారు.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు సరిహద్దు అవతలి నుంచి కాల్పులు మొదలయ్యాయి. ఆ రోజు మా చర్చివాళ్ళం ఈతమట్టలు పట్టుకుని కాలనీ అంతా పాడుకుంటూ తిరుగుతాం. గట్టు మీద మట్టలెక్కడివి? వంటచెరకులో దొరికిన దేవదారు రెమ్మ ఒకటి బంకరు గుమ్మానికి గుచ్చాను. ఆపరేటర్ దాన్నీ నన్నూ ఎగాదిగా చూసి, బంకర్ల ఎవలిదన్న పెండ్లున్నదా అన్నాడు.

మా చర్చిలో ఒక ఆచారం ఉంది. శుభ శుక్రవారం నాడు, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుంటారు. పన్నెండు నుంచి మూడు దాకా ఒక్కొక్కరు లేచి తమ వంతు మాట గురించి చెబుతారు. అంతసేపూ ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టరు. ఐదోది దాహం మాట. అది ఎప్పుడూ మా అవ్వదే. పుస్తకంలో ఎలా ఉన్నా అవ్వ మాత్రం దూప అనే అనేది. దప్పిక అనాలమ్మా అని పాస్టర్‌గారు దిద్ది దిద్ది విసిగిపోయారు. గట్టు ఎక్కే ముందు ఫోన్ చేస్తే, అవ్వ తన వంతు నాకు అప్పగించింది.

"గీయేడు నా మాట నువ్వు పట్టుకో బిడ్డా. ఆడ చెప్పనీకి ఎవ్వలు లేకుంటె మనసుల చెప్పుకో. ఇడువకు."

పట్టుకోవడం అంత తేలిక కాలేదు. పగలూ రాత్రీ గుండ్లు. కందకం కూలితే తవ్వడం, మళ్ళీ కూలితే మళ్ళీ తవ్వడం. ప్రార్థనకని కళ్ళు మూస్తే, నిద్రపోతున్నానని సుబేదార్ సాబ్ డొక్కలో పొడిచేవాడు. రెండుసార్లు పొడిపించుకున్నాక కళ్ళు తెరిచే ప్రార్థించడం నేర్చుకున్నాను. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన ప్రార్థనలు కూడా సగంలో తెగిపోయేవి. చివరికి అన్నీ వదిలేసి ఆ ఒక్క మాట మిగుల్చుకున్నాను. తుపాకీ వెనక కూర్చుని, ఎదురుగా మంచును చూస్తూ, దూప, దూప అని లోపల అనుకునేవాణ్ణి. అంతకు మించి భక్తి నా వల్ల కాలేదు.

శుక్రవారం పొద్దున పొగమంచు కమ్మింది. కింద వాలులో టెలిఫోన్ వైరు తెగింది. పొగమంచు చాటున దాన్ని అతకడానికి ఆపరేటర్, తోడుగా ఒక జవాను దిగారు. దిగేముందు ఆపరేటర్ నీళ్ళ సీసా నా ముందు ఊపి, ఇయ్యాల నీకు ఒక్కపొద్దు గద అన్నా, నీ వంతు నీళ్ళు గూడ నేనే తాగుత అని ఏడిపించాడు.

పన్నెండు గంటలకు నేను నీళ్ళు మానేశాను. వైరు చాలక తోడు జవాను కొత్త చుట్ట కోసం పైకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే వాలు మీద గుండ్లు పడ్డాయి. గుండ్లు ఆగాక సుబేదార్ సాబ్ రేడియో సెట్‌లో ఆపరేటర్‌ను పిలిచాడు. చాలాసేపు గరగర. తర్వాత సన్నగా అతని గొంతు వచ్చింది. ఒకే మాట, రెండుసార్లు. ఆ తర్వాత ఏమీ లేదు.

సుబేదార్ సాబ్ సెట్ దించి మా వైపు తిరిగాడు. ధూప్ అంటున్నాడు, కింద ఎండ వచ్చిందట, అన్నాడు. హిందీలో ధూప్ అంటే ఎండే కదా. కింద పొగమంచు విడిపోయింది, అవతలివాళ్ళకు వాలు కనిపిస్తోంది, ఎవరూ రావద్దని హెచ్చరిస్తున్నాడు, చీకటి పడేదాకా ఎవరూ కదలొద్దు అని హుకుం ఇచ్చాడు. అది తప్పు లెక్క కాదు. ఎండలో ఆ వాలు దిగితే వెళ్ళినవాడు తిరిగి రాడు.

నాకు మాత్రం ఎండ వినపడలేదు. నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది. వారం రోజులుగా నేను నమిలిన మాటే అది.

"సాబ్, అది హిందీ కాదు, మా మాట. దాహమంటున్నాడు," అన్నాను హిందీలో.

పోస్టులో గాయాలకు కట్లు కట్టే నర్సింగ్ అసిస్టెంట్ తలెత్తాడు. గాయపడ్డవాడు దాహమన్నాడంటే రక్తం పోతున్నట్టే, చీకటిదాకా ఆగడు అన్నాడు. నేను సెట్ అందుకుని, తమ్మీ, దూపైతుందా అని అడిగాను. గరగర తప్ప జవాబు లేదు. సుబేదార్ సాబ్ నా కళ్ళలోకి చూశాడు. రెండు భాషల్లోనూ ఆ మాట ఉంది, నీదే నిజమని ఎలా చెప్తావు అన్నాడు. తెలివిలో ఉన్న ఆపరేటర్ రేడియోలో తన గుర్తు, కాల్ సైన్, చెప్పకుండా నోరు తెరవడు సాబ్, వాడిప్పుడు వాళ్ళ అవ్వతో మాట్లాడుతున్నాడు అన్నాను. ఆయన నా చేతిలోంచి సెట్ తీసుకున్నాడు. తర్వాత, వెళ్ళు అన్నాడు.

నేనూ నర్సింగ్ అసిస్టెంటూ దిగాం. భయం వేసింది. నా చెవి మోసం చేసి ఉంటే ముగ్గురం పోతాం. అడుగడుగునా ఎండ తగులుతుందేమోనని చూశాను. తగల్లేదు. కింద ఇంకా చిక్కటి పొగమంచే. ఆపరేటర్ ఒక బండ కింద ఒరిగి ఉన్నాడు. తొడలో గుండు ముక్క దిగింది. చుట్టూ మంచు ఎర్రబడింది. నీళ్ళ సీసా పగిలిపోయింది. నర్సింగ్ అసిస్టెంట్ తొడ బిగించి కట్టాడు. ఇద్దరం స్ట్రెచర్ మీద మోసుకుంటూ పైకి తెచ్చాం. సుబేదార్ సాబ్ తన హుకుం తానే మరిచి, కందకం దాటి ఎదురొచ్చి ఒక కొస పట్టుకున్నాడు.

ఆపరేటర్ బతికాడు. కాలు దక్కింది, కొంచెం కుంటుతాడు. సుబేదార్ సాబ్ ఆ సాయంత్రం పై ఆఫీసర్లతో మాట్లాడుతూ, మా గన్నర్ చెవులు ప్రార్థనలో కూడా తెరిచే ఉంటాయి అన్నాడు. నాకు పతకాలేమీ రాలేదు. ఆ మాటనే ఛాతీకి తగిలించుకుని తిరుగుతున్నాను, గర్వంగానే.

గట్టు మీద నా టూరు ముగిసి గోదావరిఖని వచ్చాను. అవ్వ ముందు కూర్చుని అంతా చెప్పాను. పొగమంచు గురించి, గుండ్ల గురించి, నా ధైర్యం గురించి కొంచెం ఎక్కువే చెప్పాను. ఆమె అవేవీ పట్టించుకోలేదు.

"నీళ్ళిచ్చినవా వానికి?" అని అడిగింది.

ఇవ్వలేదు. నర్సింగ్ అసిస్టెంట్ తాగించొద్దన్నాడు, పెదవులు మాత్రం తడపమన్నాడు. నా మెడగుడ్డ నీళ్ళలో ముంచి ఆపరేటర్ నోటికి అద్దాను. అతను కళ్ళు తెరవలేదు. గుడ్డ కొసను పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. లాగితే వదల్లేదు. స్ట్రెచర్ ఎత్తినా వదల్లేదు. ఆ వాలంతా ఎక్కుతున్నంతసేపూ గుడ్డ అతని నోట్లోనే ఉంది.