నీళ్లు, నిల్లు

మార్కాపురంలో ఒక శెట్టిగారు రెండంతస్తుల మిద్దె కట్టించిన ఏడాది నాకు ఇరవయ్యేళ్లు. మద్రాసు దొరల కాలం. వానలు మొగం చాటేసి అర్ధవీడు దగ్గరి మా చేను బీడు పడింది. "ఎండిన చేను చూసుకుంటా కూచుంటే కడుపు నిండుద్దా?" అని నాయన నన్ను వెంటబెట్టుకుని ఆ పనికి బయల్దేరాడు. ఆయనది గిలక మోకు లాగే పని, నాది కూలీలకు నీళ్లు మోసే పని. నా పని చిన్నదని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. ఆ ఎండకు పరంజా మీద ఒకడికి కళ్లు తిరిగితే కింద ఇద్దరి తలలు పగులుతాయి.

శెట్టిగారి కంటికి మా వైపు మేస్త్రీలు ఆనలేదు. సరుకు కోసం చెన్నపట్నం పోయినప్పుడు అక్కడి మేడలు చూసి మనసు పారేసుకుని, ఒక అరవ మేస్త్రీని, అతని మనుషులు నలుగురిని రైలెక్కించి తెచ్చాడు. పైన గోడలు కట్టేది వాళ్లు, కింద బరువులు లాగేది మేము. వాళ్లకు తెలుగు రాదు, మాకు అరవం రాదు. నోళ్లు మాత్రం రెండువైపులా పెద్దవే.

మేస్త్రీ మంచివాడే గానీ అతని దాహం చూసి హడలిపోయాను. పొద్దున్నుంచి కిందివాళ్లను చూసి "నిల్లు! నిల్లు!" అని ఒకటే కేక. నీళ్లు అనడం కూడా నోరు తిరగదు పాపం అని జాలిపడి చెంబుతో నిచ్చెన ఎక్కేదాన్ని. అతను తెల్లబోయి నన్నూ చెంబునూ మార్చి మార్చి చూసి, మొహమాటానికి తాగేవాడు. ఒక పూట ఏడు చెంబులు తాగించాను. ఎనిమిదో చెంబుకు చేతులెత్తి దండం పెట్టాడు.

"వానిది పొట్టనా, దిగుడుబావినా?" అని నాయన ఆశ్చర్యపోయాడు.

పైకప్పుకు నాపబండలు ఎత్తే రోజు వచ్చింది. మోకు మీద నలుగురు, అందరికంటే ముందు నాయన. బండ గాలిలో ఊగుతుండగా నేను కుండ చంకన పెట్టుకుని అటే వస్తున్నాను. పైనుంచి మేస్త్రీ "నిల్లు! నిల్లమ్మా! నిల్లు!" అని గొంతు చించుకున్నాడు. ప్రాణం పోయేంత దాహం కాబోలని పరుగందుకున్నాను, సరిగ్గా బండ కిందికి. అక్కడ మోకు పట్టిన వెనక ముగ్గురూ నీళ్లొస్తున్నాయని చేతులు సడలించారు.

"అమ్మీ, పక్కకు దుంకు!" అన్న నాయన కేకకు దూకాను. ఆ కాస్తసేపూ మోకు ఆయన ఒక్కడి చేతుల్లోనే ఉంది. వదిలితే నేను లేను. మోకు అరచేతులు ఒలుచుకుంటూ జారిపోతున్నా వదల్లేదు. నేను బయటపడ్డాకే బండ నేలకు తగిలింది. నా కుండ పిండైంది.

నాకు కోపం ఆగలేదు. "ఏందయ్యా, నీళ్లు నీళ్లని పిల్చి నెత్తిన బండేస్తావా?" అని మేస్త్రీ మీదికి పోయాను. అతను నిచ్చెన దిగొచ్చి "నిల్లు... నిల్లు" అని అరచెయ్యి అడ్డం పెట్టి చూపించాడు. ఉరికొచ్చిన శెట్టిగారు ఇద్దరి మాటలూ విని ముందు పకపకా నవ్వాడు. నాయన చేతులు చూశాక నవ్వు ఆపేశాడు.

"నిల్లు అంటే వాళ్ల భాషలో నిలబడు అని తల్లీ! ఆగమంటే ఉరికినావు నువ్వు" అన్నాడు.

"అట్లయితే ఇంక మన మాటే అందాం. 'ఆగు' అనమను" అన్నాడు నాయన.

శెట్టిగారు ఆ మాట అరవంలో చెప్పగానే మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. 'ఆగు' అంటే వాళ్ల చెవికి 'కానియ్, కానియ్' అన్నట్టు ఉంటుందట! ఇక ఏ భాషా వద్దని తేల్చారు. నా ఇత్తడి చెంబు మీద గులకరాయితో కొడితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగాలి. బండ వేలాడేచోట నేల మీద సున్నంతో గీత గీశారు. ఆ గీత దాటబోయిన శెట్టిగారిని కూడా చెంబు కొట్టి ఆపాను. ఆ మిద్దెకు నిజమైన మేస్త్రీని నేనే అనుకుని చాలా మురిసిపోయాను.

నాయనకు పదిరోజులు నేనే సంగటి ముద్దలు పెట్టాను. "చిన్నప్పుడు నీకు పెట్టిన ముద్దలన్నీ తిరిగొస్తుండాయి" అని ఆయన నవ్వేవాడు. నేను మాత్రం ఆ చేతులు చూసి రోజూ ఏడ్చాను.

మిద్దె పూర్తయ్యాక మేస్త్రీ మూట సర్దుకుని నా దగ్గరికి వచ్చాడు. ఎన్నాళ్లు నేర్చుకున్నాడో, "అమ్మా, నీళ్లు" అని చక్కగా అడిగాడు. నా కాళ్లు ఉన్నచోటే ఆగిపోయాయి. పనివాళ్లంతా పడీపడీ నవ్వారు, అందరికంటే ఎక్కువగా నాయన.

ఇప్పటికీ ఎవరైనా నీళ్లడిగితే ఒక్క క్షణం ఆగి పైకి చూసి గానీ కదలను. ముసలిదానికి బద్ధకమని మా కోడలు అనుకుంటుంది. మోకు ఇంకా నాయన చేతుల్లోనే ఉందో లేదో చూసుకుంటున్నానని దానికి ఎట్లా చెప్పేది?